నాలుగు మరలు

పేస్టు మార్చక ముందు ఎనభై ఎనిమిది.
మార్చాక తొంభై ఏడు.
బాగు చేద్దామని విప్పిన చేతులే
నిప్పు రాజేసినట్టున్నాయి.

చీమకుర్తిలో రోహిణి కార్తె.
రాత్రి పదకొండైనా రేకుల కింద నుంచి కదలని వేడి.
ఒంగోల్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్,
వేబ్రిడ్జి దగ్గర ఆరు నెలల నా ఓవర్‌టైం,
గ్రానైట్ ముక్క మీద కూర్చుని
తిరగలిలా రొద పెడుతోంది.
ఆట మొదలైన నాలుగో నిమిషంలో
బొమ్మ బిగుసుకుపోతుంది.
తర్వాత నల్లటి తెర. అందులో నా మొహం.

మొదటిసారి విప్పినప్పుడు
ఫ్యాను రెక్కల సందుల్లో బూడిదరంగు పిండి.
మా ఊరి పిండే అది,
రాయి కోసే రంపాలు అందరి అన్నాల మీదా చల్లేది.
పాత పళ్ల బ్రష్షుతో దులిపాను.
లోపలి పేస్టు ఎండిన సున్నంలా పెళ్లలు లేచింది.
గీకేసి కొత్తది పూశాను,
తక్కువైతే ఎట్టా అని
దోసె మీద వెన్నలా.

రెండోసారి, బియ్యపు గింజంత.
మూడోసారి, గింజన్నర.
తొంభై ఏడు. తొంభై ఆరు. మళ్లీ తొంభై ఏడు.

పక్క పోర్షన్ మాల్యాద్రి మామ
సెకండ్ షిఫ్టు దిగి
బకెట్టు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని
తడి తువ్వాలతోనే వచ్చి నిలబడ్డాడు.
ఇరవై రెండేళ్లుగా పాలిషింగ్ లైను.
కంప్యూటరంటే ఆయనకు
జీతం చీటీ పుట్టే చోటు, అంతే.
"ఏది దేన్ని ముట్టుకోవాలబ్బయ్యా?"
అదీ ఆయన అడిగిన మొదటి మాట.

చిప్పు చూపించాను,
దాని మీద కూర్చోవాల్సిన రాగి పలక చూపించాను.
పలకను తిప్పి, కళ్లు మూసుకుని
బొటనవేలి గోరు మెల్లగా లాగాడు,
స్లాబు అంచున లాగినట్టే.
స్టీలు స్కేలు ఆనించి బల్బుకేసి ఎత్తాడు.
"సందులో వెలుతురు దూరలా. రాగి చక్కంగానే ఉంది.
అయినా అద్దంలాంటి రాయికి గూడా గుంటలుంటయ్,
కంటికి ఆననివి. వాటిల్లో గాలి కాపరముంటది.
ఆ గాల్ని ఖాళీ చేయించేదానికి నీ పేస్టు,
పరుపులాగా పరిచేదానికి కాదు.
సరే, బిగించిందెట్టా?"

ఒకటి పూర్తిగా బిగించి, ఆ పక్కది, దాని పక్కది...
చెప్తుంటేనే నవ్వాడు.
"ఒక మూల తొక్కితే ఎదురు మూల లేవదా?
నులకమంచం గూడా చెప్తది గదయ్యా ఆ మాట."

రాగి మీద నా పేస్టు అచ్చు చూశాం.
ఒకవైపు పల్చగా, ఉల్లిపొరలా.
ఇంకోవైపు మందంగా, ఎవరూ తాకనట్టు.
మూడు రాత్రులుగా నా తప్పు అక్కడే రాసి ఉంది.
మరల పక్కన చెక్కిన అంకెలూ ఉన్నాయి,
ఒకటి, దానికి ఎదురు మూలన రెండు.
నేను చదవలేదు.

గొట్టంలో మిగిలింది ఆఖరి గింజ.
ఈ మూల అర చుట్టు. ఎదురు మూల అర చుట్టు.
ఆయన చెప్తుంటే నేను తిప్పాను.
స్క్రూడ్రైవర్ అందిస్తే వద్దన్నాడు.
"నా చేతికి రెంచీ బరువే తెలుసు. దీన్ని విరుస్తది."

డెబ్బై నాలుగు.
పది నిమిషాల తర్వాత డెబ్బై ఆరు.
అక్కడే ఆగింది.

రొద తగ్గింది.
తగ్గాక గానీ వినపడలేదు
మాల్యాద్రి మామ ఊపిరి,
లోపలెక్కడో ఇసుక జారుతున్నట్టు సన్నటి గీర.
రోజూ ఈ గోడకు అవతలే పడుకుంటాడు.
"మామా, ఒకసారి ఒంగోలు పోయి చూపించుకుంటే..."
"ఈ కార్లాట నన్నోసారి తోలనియ్యి" అన్నాడు.

మొదటి మలుపులోనే కారును గోడకు కొట్టాడు.
నవ్వు. నవ్వులోంచి దగ్గు.
దగ్గులోంచి మళ్లీ నవ్వు.
తెర మూలన అంకె కదల్లేదు.
"ఇంకోసారి" అన్నాడు,
కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.